మన నేల క్రింది గ్యాసు, మన బండి ఇంజను

రాజోలు, అమలాపురం వైపు నుండి వచ్చి మన హాస్టల్లో చేరినవారు కొబ్బరితోటల మీదుగా ఓ.ఎన్.జి.సి. గ్యాసు మంటలు చూస్తూ పెరిగినవారే. 1995 జనవరి 8న పాశర్లపూడి బావిలో లేచిన మంటను ఆర్పడానికి 65 రోజులు పట్టినదని పెద్దలు ఇప్పటికీ చెబుతుంటారు. ఆ గ్యాసులో ఎక్కువ భాగం మీథేన్. దానిని శుద్ధిచేసి, మామూలు గాలి పీడనానికి సుమారు 200 రెట్ల పీడనంతో సిలిండరులో నింపితే అదే సి.ఎన్.జి.

పెట్రోలు ఇంజను గాలిని, ఇంధనాన్ని కలిపి పీల్చుకుంటుంది, అణచుతుంది, ప్లగ్ నిప్పురవ్వతో మండిస్తుంది, పొగ వదులుతుంది. మంట వచ్చి చేరకముందే మిశ్రమంలో కొంత భాగం తనంతట తానే అంటుకుంటే ఇంజను టకటకమని కొట్టుకుంటుంది. దీనిని తట్టుకొనే గుణమే ఆక్టేన్ సంఖ్య. మామూలు పెట్రోలుకు 91, ఇథనాల్‌కు సుమారు 108, మీథేన్‌కు 120 పైమాటే. మరి గ్యాసుతో బండి లాగుడు పెరగాలి కదా? పెరగదు. గ్యాసు తానే చోటు ఆక్రమించడంతో లోపలికి వెళ్ళే గాలి తగ్గి, బలం సుమారు పదోవంతు పడిపోతుంది. కిలో పెట్రోలు మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, మీథేన్‌కు 17.2, ఇథనాల్‌కు 9. అందుకే కిట్ బిగించగానే సరిపోదు, పాళ్ళు సరిచేయాలి.

ఇదేమీ కొత్త వింత కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు దొరకక, వెనుక కొలిమి కట్టుకొని బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచాయి. ఎత్తు ఎక్కలేక అవి పడిన పాట్లు తాతలనడిగితే తెలుస్తుంది!

ఇక ఇథనాల్. చక్కెర ఫ్యాక్టరీ మడ్డి నుండి, నూకల నుండి, మొక్కజొన్న నుండి చేస్తారు. 2003లో మన రాష్ట్రంతో సహా 9 రాష్ట్రాలలో పెట్రోలులో 5 శాతం కలపడం మొదలై, 2025 నాటికి 20 శాతానికి చేరింది. ఇథనాల్‌లో వేడి తక్కువ గనుక మైలేజి కొంత తగ్గుతుంది. పాత బండ్ల రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి. మన డెల్టా వానలకు ఒక చిక్కు ఉన్నది: ట్యాంకులోకి ఎక్కువ నీరు చేరితే ఇథనాల్ పెట్రోలును వదలి నీటితో కలిసి అడుగుకు దిగుతుంది. ఇంజనుకు ముందుగా అందేది ఆ అడుగు నీళ్ళే.

మెకానిక్కులుగా, డ్రైవర్లుగా ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక్క మాట. మీథేన్ గాలికన్న తేలిక, పైకి పోతుంది, భయం లేదని కొందరంటారు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో తుప్పుపట్టిన గెయిల్ పైపు నుండి వెలువడినదీ సహజవాయువే, 20 మందికి పైగా చనిపోయారు. సి.ఎన్.జి. సిలిండరును మూడేళ్ళకోసారి నీటి పీడనంతో పరీక్షించాలి. ఆ తేదీ సిలిండరు మీదనే గుద్ది ఉంటుంది. బడిపిల్లలను ఎక్కించే ఆటోలో ముందు అది చూడండి. వంటగ్యాసు బండను ఆటోకు తగిలించడం చట్టవిరుద్ధం, పైగా ఆ గ్యాసు గాలికన్న బరువు. కారితే పైకి పోదు, సీటు క్రిందనే పేరుకుంటుంది.