భిన్నముల బోధనయందు తెర చేయు సాయము

అరకు మూడవవంతు కలిపిన నెంత యని ప్రాథమిక తరగతుల పిల్లల నడిగినచో, పై యంకెను పై యంకెతోను, క్రింది యంకెను క్రింది యంకెతోను కూడి, 2/5 అని చెప్పువారు పలువురు కలరు. వీరు సోమరులు కారు. కూడిక తెలియనివారును కారు. లవహారములను రెండు వేఱువేఱు సంఖ్యలుగా నెంచిరే కాని, రెండును గలిసి యొక్క పరిమాణమునే తెలుపునని గ్రహింపరైరి. గ్రహించియుండినచో, అరకు మఱికొంత చేర్చగా అరకంటె తక్కువ యెట్లు వచ్చెనని తమలో తామే ప్రశ్నించుకొనియుందురు.

ఈ చిక్కు మన దేశపు పిల్లలకు మాత్రమే కలిగినది కాదు. 1978లో అమెరికా దేశమున జరిగిన జాతీయ పరీక్షలో 13 ఏండ్ల బాలబాలికలను, 12/13, 7/8 అను భిన్నముల మొత్తము 1, 2, 19, 21 అనువానిలో దేనికి దగ్గఱగా నుండునని యడిగిరి. రెండు భిన్నములును ఇంచుమించు ఒక్కొక్కటియే గదా! అయినను 2 అని చెప్పినవారు నూటికి 24 మంది మాత్రమే. సగముకంటె నెక్కువమంది 19 అనియో 21 అనియో చెప్పిరి. ఇది చిన్న పొరపాటని విడిచిపెట్టదగినది కాదు. అమెరికా, బ్రిటను దేశముల పిల్లలనుగూర్చి 2012లో ప్రకటింపబడిన పరిశోధన మొకటి, 10 ఏండ్ల వయస్సున భిన్నములును భాగహారమును బాగుగ నెఱిగినవారు అయిదాఱేండ్ల పిమ్మట బీజగణితమునందును ముందుండిరని చూపినది. తలిదండ్రులు తొమ్మిదవ తరగతిలో లెక్కలకు ట్యూషను వెదకుదురు. కాని కొఱత అయిదవ తరగతిలోనే యేర్పడి యుండవచ్చును.

పూర్వము మన యిండ్లలో భిన్నములు బడికి రాకమునుపే పిల్లలకు పరిచయమై యుండెడివి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. రూపాయికి 16 అణాలు; అందు నాలుగవవంతు పావలా. 1957 ఏప్రిలు 1వ తేదీనుండి రూపాయికి నూఱు నయాపైసలైనవి. 2011 జూను 30వ తేదీతో 25 పైసల నాణెమును చెల్లకపోయినది. పావు, అర, ముప్పావు అను మాటలు మన నోట నిలిచియున్నవి కాని, వానిని చేతబట్టి లెక్కించు నవకాశము పిల్లలకు తగ్గినది. ఆ లోటును తరగతిగదియే తీర్పవలసియున్నది.

నేడు పెక్కు బడులలో నల్లబల్ల ప్రక్కనే ప్రొజెక్టరో స్మార్టుబోర్డో యున్నది. మార్కస్ హోహెన్‌వార్టరు 2001లో ఆరంభించిన జియోజీబ్రా, కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయమున నెలకొల్పిన ఫెట్ వారి భిన్నముల పాఠములు మూల్యము లేక లభించును. వానితో మేము చేయుచున్న దేమన, తెరమీద ఒకే పొడవుగల రెండు గీతలను ఒకదానిక్రింద నొకటి నుంతుము. పై గీతమీద, మొదటినుండి అరవఱకు రంగు వేసి, దానిని తాకునట్లు మూడవవంతును చేర్తుము. రంగు ఎక్కడ ఆగినది? అరను దాటినది, ఒకటిని చేరలేదు. 2/5 అన్నవారి ముఖములు అప్పుడే మాఱును. ఏలయన, అది అరకు ఎడమవైపున నున్నది.

పిమ్మట క్రింది గీతను రెండు భాగములు, మూడు, నాలుగు, అయిదు అని క్రమముగా ఖండించుచు పోదుము. ప్రతిమాఱును ఏదో యొక రంగుకొన గంటులకు నడుమ పడును. ఆఱు భాగములు చేయగానే, అరయొక్క కొన మూడవ గంటుమీదను, మొత్తముయొక్క కొన అయిదవ గంటుమీదను సరిగా నిలుచును. కనిష్ఠ సామాన్య గుణిజమను పేరు మేము పలుకకమునుపే, హారము 6 ఏల కావలెనో పిల్లలకు తెలిసిపోవును. ఇదే పనిని సుద్దముక్కతో చేయవచ్చును. కాని గీతను అయిదుసారులు చెఱిపి కొలిచి గీయునంతలో గంట కొట్టుదురు. పొడవు మాఱక భాగములు మాత్రము మాఱుట కన్నులయెదుటనే జరుగుట తెరకు గల నిజమైన ప్రయోజనము. రంగురంగుల బొమ్మలు, చప్పట్ల మ్రోతలు మాకంత ముఖ్యములుగా తోచలేదు.

గీతవలన మఱియొక లాభము కలదు. రొట్టెబొమ్మలతో మాత్రమే నేర్చిన పిల్ల, "నాలుగు ముక్కలలో ఏడు ముక్కలు ఎట్లు తీయుదురండీ?" యని యడుగును. న్యాయమైన ప్రశ్నయే! గీతమీద 7/4 అనునది ఒకటిని దాటి, రెండునకు పావు తక్కువగా, తన చోట తాను కూర్చుండును.

అయితే తెర ఎల్లప్పుడును సమభాగములనే చేయును. భాగములు సమముగా నుండవలెనన్న నియమమును పిల్లవాడు తలంపవలసిన పనియే లేకపోవును. కావున మొదట కాగితపు పట్టీలను మడత పెట్టింతుము. రెండు, నాలుగు, ఎనిమిది మడతలు సులభములు. మూడు మడతలు సమముగా వచ్చుటకు చేయి తడబడును. ఆ తడబాటులోనే పాఠమున్నది. మఱియు తెరమీది ఆటలలో ఒకటి తప్పైన మఱియొకటి నొక్కుచు, తుదకు సరియైనదానిని పట్టుకొనుట పిల్లలకు తెలిసిన విద్య. తాకుటకు ముందు తన యూహను, దానికి కారణమును నోటుపుస్తకమున వ్రాయవలెనని మా కట్టడి. కరెంటు పోయిననాడు ఈ నోటుపుస్తకములే పాఠమును నడపును!

ఇంటివద్ద ఫోనున్నవారు సాయంకాలము పావుగంట పిల్లలతో గూడ కూర్చుండి యీ గీతలను చూడవచ్చును. ఫోను పిల్లవానికి వదలి లేచిపోవుట మాత్రము మే మడుగుట లేదు.

విద్యార్థులకు ఒక లెక్క. పాత రూపాయకు 16 అణాలు, అణాకు 12 పైలు. కావున రూపాయలో మూడవవంతు సరిగా 5 అణాల 4 పైలు. నేటి రూపాయను మూడు పాళ్లు చేసినచో పాలికి 33 పైసలు వచ్చి, ఒక పైస మిగులును. 2 మొదలు 8 వఱకు గల సంఖ్యలలో వేనిచేత పాత రూపాయ శేషము లేక భాగింపబడునో, వేనిచేత క్రొత్త రూపాయ భాగింపబడునో కనుగొని, కారణము వ్రాయుడు.