మగ్గపు ఇంటి కాయకము - దాని లెక్క

కాయకమనగానే పలువురకు చేతిపని మాత్రమే స్ఫురించును. ఆ పని ఎవరెవరి చేతులతో సాగుచున్నది, ఫలమును లెక్కించువారెవరు అను ప్రశ్నయు అందులోనే ఇమిడియున్నది.

అమలాపురము చెంతనున్న బండారులంక చేనేత చీరలకు పేరుపడిన గ్రామము. ఇట్టి నేతయూళ్లలో ఇల్లే కార్ఖానా. గుంటమగ్గముపై నేయువాడు ఒక్కడైనను, కండెలు చుట్టి యిచ్చునది ఇల్లాలు. రాట్నము త్రిప్పునది ముదుసలి తల్లి. షావుకారు నూలిచ్చి నేయించు చోట కూలి చీర లెక్కన నేతగానికే ముట్టును. కండెల కష్టము అందులో కలిసిపోవును. పద్దులో తల్లి పేరు గాని భార్య పేరు గాని కనబడదు. బాంధవ్యమే ఆ పనిని చవుక చేయుచున్నది. కూలి గిట్టని దినములలో మగ్గమును నిలబెట్టుచున్నదియు ఆ బాంధవ్యమే.

అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఈ దాగిన లెక్క బయటపడును. మగ్గములు చెరియొకటి పంచుకొందురు. తల్లి ఒకరి పంచన చేరును. రెండవవాని భార్య చంటిబిడ్డతో నున్నచో, కండెలకు పొరుగువారికి కూలి ఈయవలసి వచ్చును. అంతవరకు ఇంటిపని అనిపించుకొన్నదాని వెల ఆ వారముననే తెలియును. పెద్దమనుషులు పంపకపు కాగితములో మగ్గమును, అచ్చును, బాకీని వ్రాయింతురు. రాట్నపు కష్టమును వ్రాయించినవారు అరుదు.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యమును ఏరి తెచ్చుటయే కాయకముగా జీవించెను. ఒకనాడు అతడు అవసరమునకు మించి తేగా, భార్య లక్కమ్మ వాటిని తెచ్చినచోటనే పోసి రమ్మన్నదని శరణుల కథ. ఈ కథను నిరాశకు దృష్టాంతముగా చెప్పుటయే వాడుక. ఆ యింటి రాబడి ఎంత ఉండవలెనో తేల్చినది ఇల్లాలని గమనించువారు తక్కువ.

2019-20 చేనేత గణనలో దేశమున 35.22 లక్షల చేనేత పనివారు తేలిరి. వారిలో నూటికి 72 మంది స్త్రీలే. మగ్గము యజమాని ఎవరని అడిగిన మాత్రము ఇంటి పురుషుని పేరే చెప్పుట పరిపాటి.

తెలంగాణములో ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశము తల్లి, పోగును మేకుల చుట్టు వేలమార్లు త్రిప్పు ఆసుపనితో భుజము నొప్పికి గురియయ్యెను. ఆమె బాధ చూడలేక అతడు ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచెను. 2017లో పద్మశ్రీ పొందెను. ఆ యంత్రమునకు అతడు తల్లి పేరు పెట్టెను: లక్ష్మీ ఆసుయంత్రము.