పస్తు కాదు, పద్ధతి కావాలి



గత వార్షికోత్సవం నాడు పూర్వ విద్యార్థులకు, మాకు కబడ్డీ పోటీ పెట్టారు. ఒకప్పుడు కూతకు వెళ్తే తిరుగులేని అన్నలు పది నిమిషాలకే ఆయాసంతో కూర్చుండిపోయారు. మేమంతా నవ్వాము. భోజనాల దగ్గర ఒక అన్న లడ్డూ పక్కన పెట్టి, "నలభై దాటకముందే షుగరు వచ్చింది తమ్ముడూ" అన్నప్పుడు మా నవ్వు ఆగిపోయింది. ఆ మాటే ఈ వ్యాసం రాయించింది.

మనకే ఎందుకీ జాగ్రత్త?

మనలో చాలామందిమి కూలి కుటుంబాల నుంచి వచ్చాము. ఉన్నప్పుడు కడుపు నిండా తినడం, పళ్లెంలో మెతుకు మిగల్చకపోవడం మన అలవాటు. పొలం పని, ఆటలు, నడక ఉన్నంతకాలం ఆ అన్నం అరిగిపోతుంది. ఉద్యోగం వచ్చి కుర్చీలో కూర్చున్నాక పని తగ్గుతుంది కానీ అన్నం తగ్గదు. ఢిల్లీలో పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించిన 1,492 మందిపై ఒక పరిశోధన 2004లో వెలువడింది. షుగరు గానీ, దాని ముందు దశ గానీ వచ్చినవారు సాధారణంగా రెండేళ్ల లోపు సన్నగా ఉండి, ఆ తర్వాత వేగంగా బరువు పెరిగినవారని అందులో తేలింది.

ఎంత బరువు ఉండాలి?

కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. భారతీయులలో పెద్దలకు 18.5 నుంచి 22.9 వరకు మంచిది. 23 నుంచి అధిక బరువు, 25 నుంచి స్థూలకాయం. 1.65 మీటర్ల ఎత్తు, 72 కిలోల బరువు ఉంటే 26.4 వస్తుంది. అంటే తగ్గాలి. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకూడదు.

పస్తు ఎందుకు పనికిరాదు?

మాలో ఒకరిని లావుగా ఉన్నాడని వెక్కిరించాము. అతను రెండు వారాలు రాత్రి భోజనం మానేసి, ఒక ఉదయం ప్రార్థనలో కళ్లు తిరిగి పడిపోయాడు. తర్వాత ఆకలికి ఆగలేక రెట్టింపు తిన్నాడు. తగ్గిన బరువు మళ్లీ వచ్చింది. తప్పు అతనిది కాదు, మాది. పస్తుంటే కొవ్వుతోపాటు కండ కూడా కరుగుతుంది. శరీరం ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెరుగుతుంది.

చిన్న లెక్క

కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. రోజుకు 500 తగ్గిస్తే వారానికి అర కిలో వరకు తగ్గవచ్చు. పెద్దలకు ఆ 500 ఇలా వస్తాయి:

1. 50 గ్రాముల బియ్యం తక్కువ: 175
2. ఒక పెద్ద చెంచా నూనె తక్కువ: 120
3. టీలలో నాలుగు చిన్న చెంచాల చక్కెర మానితే: 80
4. ముప్పావు గంట వేగంగా నడిస్తే: సుమారు 150

మొత్తం 525. ఇందులో ఏ పూటా మానలేదు, ఏ మందూ కొనలేదు. పప్పు, గుడ్డు, మజ్జిగ మానకండి. కండను కాపాడేవి అవే. తగ్గించిన అన్నం చోట ఆకుకూర, కూరగాయలు పెట్టుకోండి. వారానికి కనీసం 150 నిమిషాల నడక, రెండు రోజులు బస్కీలు, దండీలు అవసరం. షుగరు మందులు వాడేవారు ముందుగా డాక్టరును అడగాలి.

తమ్ముళ్లకు ఒక మాట

ఎదిగే వయసులో అన్నం తగ్గించే ప్రయత్నం చేయకండి. గేటు బయట అమ్మే నూనె సరుకులు, కూల్‌డ్రింకులు మానండి. రోజుకు గంట ఆడండి. ముఖ్యంగా ఎవరి ఒంటినీ చూసి నవ్వకండి.

ఆకలి అంటే ఏమిటో మనకు తెలుసు. కష్టపడి దాన్ని దాటి వచ్చాము. బరువు తగ్గడానికి మళ్లీ అక్కడికే వెళ్లనవసరం లేదు. అన్నలారా! వచ్చే వార్షికోత్సవానికి నడుము బిగించి రండి. ఈసారి కబడ్డీలో మమ్మల్ని ఓడించి వెళ్లండి!