ఒక పెట్టె, రెండు లైన్లు

ఒక పాఠశాలకు రెండు ఇంటర్నెట్ లైన్లు ఉన్నాయనుకుందాం. ఒకటి ఆఫీసుకు, రెండవది కంప్యూటర్ ల్యాబుకు. ల్యాబులో 40 మంది ఒకేసారి వీడియో పాఠం చూస్తున్నా, ఆఫీసులో పరీక్షల వివరాలు పంపే పని ఆగిపోకూడదని ఈ ఏర్పాటు. అయితే రెండు లైన్లూ వచ్చి చేరేది ఒకే పెట్టెకు. దాని పేరు ఫైర్‌వాల్. బయటినుంచి అనుమతి లేకుండా వచ్చేవాటిని అడ్డుకోవడం, లోపలి సమాచారాన్ని బయటికి సాగనంపడం దాని పనులు. మరి ఏ గది సమాచారం ఏ లైనులో పోవాలో దానికెలా తెలుస్తుంది?

మామూలు పద్ధతి

కంప్యూటరు పంపే సమాచారం చిన్నచిన్న ముక్కలుగా ప్రయాణం చేస్తుంది. ఒక్కొక్క ముక్కను ప్యాకెట్ అంటారు. ప్రతి ప్యాకెట్ మీదా రెండు చిరునామాలుంటాయి: పంపినవారిది, చేరవలసినవారిది. మన పాఠశాలలో ల్యాబు చిరునామాలు 192.168.10తోను, ఆఫీసు చిరునామాలు 192.168.20తోను మొదలవుతాయనుకోండి.

పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసేటప్పుడు ఏం చూస్తారు? చేరవలసిన ఊరు, దాని పిన్‌కోడు. రాసిందెవరో చూడరు. మామూలు రూటింగ్ కూడా అంతే. చేరవలసిన చిరునామాను మాత్రమే పట్టికలో వెతుకుతుంది. పట్టికలో లేని చిరునామాలన్నిటికీ కలిపి ఒకే దారి రాసి ఉంటుంది. అక్కడ ఆఫీసు లైను రాసి ఉంటే రెండు గదుల ప్యాకెట్లూ అందులోకే పోతాయి. డబ్బు కట్టిన రెండో లైను ఖాళీగా ఉంటుంది!

పంపినవారిని చూసే పద్ధతి

అందుకని ఫైర్‌వాల్‌కు కొన్ని నియమాలు రాసిపెడతారు. దీన్నే పాలసీ రూటింగ్ అంటారు.

1. చేరవలసిన చిరునామా మన పాఠశాలలోదే అయితే, లోపలే అందించు.
2. పంపినది ల్యాబు అయితే, ల్యాబు లైనులో పంపు.
3. పంపినది ఆఫీసు అయితే, ఆఫీసు లైనులో పంపు.

ఫైర్‌వాల్ వీటిని పైనుంచి కిందికి చదువుతుంది. మొదట సరిపోయిన నియమం దగ్గరే ఆగుతుంది. కాబట్టి వరుస ముఖ్యం. మొదటి నియమాన్ని చివరికి మార్చామనుకోండి. ల్యాబునుంచి ఆఫీసులోని ప్రింటరుకు పంపిన కాగితం రెండవ నియమానికి చిక్కి బయటి లైనులోకి పోతుంది. ప్రింటరు పక్క గదిలోనే ఉన్నా దానికి అందదు.

జవాబు ఎలా వస్తుంది?

192.168తో మొదలయ్యే చిరునామాలు లోపలి వాడకానికే. 1996 నాటి నియమం ప్రకారం వీటిని ఎవరైనా తమ ఇంట్లో, బడిలో వాడుకోవచ్చు. బయటి ఇంటర్నెట్‌లో ఇవి చెల్లవు. అందువల్ల ఫైర్‌వాల్ ప్యాకెట్ మీద లోపలి చిరునామా తీసేసి, ఆ లైనుకు కంపెనీ ఇచ్చిన చిరునామా వేస్తుంది. ఏది ఎవరిదో గుర్తు రాసుకుని, జవాబు రాగానే ఆ కంప్యూటరుకే అందిస్తుంది.

ఇక్కడొక చిక్కుంది. ల్యాబు లైనులో పోయే ప్యాకెట్ మీద పొరపాటున ఆఫీసు లైను చిరునామా వేస్తే? "ఇది మేమిచ్చిన చిరునామా కాదు" అని ల్యాబు లైను కంపెనీ దాన్ని పారవేయవచ్చు. పారవేయకపోయినా, జవాబు రెండో లైనుకు వచ్చిపడుతుంది. కాబట్టి దారి మార్చినప్పుడు దానికి తగ్గ చిరునామా కూడా మార్చాలి.

లైను తెగితే?

లైను పనిచేస్తోందా లేదా అని ఫైర్‌వాల్ బయటి కంప్యూటరు నొకదాన్ని కొన్ని సెకన్లకోసారి పలకరిస్తూ తెలుసుకోగలదు. ఆఫీసు లైను తెగితే ఆఫీసు పనిని ల్యాబు లైనులోకి మళ్ళించడం మంచిదే. కాని ల్యాబు లైను తెగితే? కొన్ని ఫైర్‌వాల్‌లు, ప్రత్యేకంగా వద్దని చెబితే తప్ప, 40 కంప్యూటర్లనూ ఆఫీసు లైనులోకి వదిలేస్తాయి. ఏ పనికోసం రెండు లైన్లు పెట్టామో ఆ పనే దెబ్బతింటుంది. అలాంటప్పుడు ల్యాబును కాసేపు ఆపాలా, ఆఫీసును ఇబ్బంది పెట్టాలా? ఇది యంత్రం తేల్చే విషయం కాదు. మనుషులు ముందే ఆలోచించి నాలుగవ నియమంగా రాయాలి.

మీరే చెప్పండి

ఒక కాగితంమీద పై మూడు నియమాలూ రాసుకుని, ఈ ప్యాకెట్లు ఏ దారిన పోతాయో చెప్పండి.

అ) 192.168.20.7 నుంచి బయటి వెబ్‌సైటుకు.
ఆ) 192.168.10.25 నుంచి 192.168.20.9కి.
ఇ) ఆఫీసు గుమస్తా తన ల్యాప్‌టాప్‌ను ల్యాబుకు తెచ్చి, అక్కడి తీగకు తగిలించాడు. దానికి 192.168.10.31 అనే చిరునామా వచ్చింది. ఇప్పుడతను పంపే పరీక్షల వివరాలు ఏ లైనులో పోతాయి?

మూడవదానికి జవాబు: ల్యాబు లైనులోనే. ఎందుకో మీ మిత్రులకు వివరించండి.