కప్పల లెక్క: డెల్టా నీళ్లకు కాపలా

ఎందుకు చదవాలి?

ఉభయచర జాతుల్లో దాదాపు 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని 2023లో నేచర్ పత్రికలో వచ్చిన ప్రపంచ అంచనా తేల్చింది. కప్పకు చర్మం కూడా శ్వాసావయవమే. నీళ్లలో కలిసిన పురుగుమందు ఆ చర్మం గుండానే లోపలికి పోతుంది. తోకకప్పగా నీళ్లలో, ఎదిగాక నేల మీద బతుకుతుంది కనుక రెండింటిలో ఏది చెడినా దెబ్బ దానికే. కప్పను సూచిక జీవి అనేది అందుకే.

చట్టంలో ఉన్న ఖాళీ

తెనాలి, రేపల్లె, బాపట్లలున్న మన డెల్టాకు అసలు సమస్య ఇదే. రామ్‌సర్ ఒప్పందం (1971) మనిషి ఏర్పరచిన నీటి నెలవులనూ చిత్తడి నేలలుగా లెక్కిస్తుంది. మన దేశపు 2017 చిత్తడి నేలల నిబంధనలు మాత్రం వరి పొలాలను, సాగునీటికీ ఆక్వాకూ కట్టిన నిర్మాణాలను నిర్వచనం నుంచి తప్పించాయి. తెనాలి చుట్టూ కప్పలు కాపురముండేది ఆ వరిమళ్లలో, పంటబోదెల్లోనే! కొల్లేరుకు 2002లో రామ్‌సర్ గుర్తింపు దక్కింది. పంటబోదెకు అలాంటి గుర్తింపు లేదు. అక్కడ ఏం జరుగుతోందో ఊరివాళ్లే రాసిపెట్టాలి.

గుర్తుపట్టేదెలా?

సాధారణంగా గట్టిగా అరిచేది మగకప్ప. తొలకరి జడివానకు మగ బావురుకప్ప నిమ్మపండు రంగుకు మారి, గొంతుకు రెండు వైపులా నీలి సంచులు ఉబ్బించి అరుస్తుంది. పాఠ్యపుస్తకాల్లోని రానా టైగ్రినా ఇదే. ఇప్పటి పేరు హోప్లోబాట్రాకస్ టైగరైనస్. 1985లో ఇది సైటిస్ (అంతరించే ముప్పున్న జాతుల అంతర్జాతీయ వ్యాపారంపై ఒప్పందం) రెండో అనుబంధంలో చేరింది. కప్పకాళ్ల ఎగుమతిని భారత్ 1987లో నిషేధించింది. గోండ్రుకప్పది పొడిబారిన, బుడిపెల చర్మం. కంటి వెనక విషగ్రంథులుంటాయి, గుడ్లు దండలా పెడుతుంది. చెట్టుకప్ప నీటి పైన నురగగూడు కడుతుంది.

లెక్క ఎలా?

ఒక చోటు ఎంచుకోండి, దాన్ని మార్చకండి. పొద్దుగుంకాక కాసేపు కదలకుండా నిలబడి, ఆపైన అయిదు నిమిషాలు వినండి. అరుపులు లేకపోతే 0, విడివిడిగా లెక్కపెట్టగలిగితే 1, ఒకదానిపై ఒకటి పడుతుంటే 2, ఎడతెగని హోరైతే 3. తేదీ, వాన, కాలువలో నీరుందా లేదా రాయాలి. సున్నాను వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. వానపడ్డ రాత్రి సున్నా వచ్చిందంటే దాన్నే ముందు పట్టించుకోవాలి.

రేపల్లె, బాపట్లల నుంచి తీరం వైపు వెళ్లేకొద్దీ చవుడు నేలలు, రొయ్యల చెరువులు కనిపిస్తాయి. చాలా కప్పలకు ఉప్పునీరు పడదు. తెనాలి, రేపల్లె, బాపట్ల మూడు ఊళ్లలోనూ ఒకే పద్ధతి పాటిస్తేనే తేడాలు పోల్చగలం. టార్చి, బూట్లు తప్పనిసరి. గట్ల మీద పాములుంటాయి. కప్పలను పట్టుకోవద్దు, ఫోన్‌లో అరుపు రికార్డు చేస్తే చాలు.

వివరాలు ఎక్కడికి?

ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో నమోదు చేయవచ్చు. జీవవైవిధ్య చట్టం-2002 కింద స్థానిక సంస్థల్లో ఏర్పడే జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ నిర్వహించాలి. మీ లెక్క ఒక ప్రతి ఆ కమిటీకి ఇచ్చి, రిజిస్టర్‌లో చేర్చమని అడగండి.