పిల్ల సమ్మతి



‘పునరుత్పత్తి హక్కులు’ అనే మాట వినగానే మన పెద్దలు గర్భస్రావం సంగతే అనుకుని చెవులు మూసుకుంటారు. గర్భస్రావాన్ని శ్రీసభ అంగీకరించదు. అందులో మార్పు లేదు. కాని బందరు, గుడివాడ, దివిసీమ విచారణలలో యువతీయువకులు అడిగేది చాలావరకు అది కాదు. పెళ్లి ఎప్పుడు, ఎవరితో, బిడ్డలు ఎప్పుడు, ఆపరేషను ఎవరికి? ఇవన్నీ మమ్మల్ని అడక్కుండానే ఎందుకు నిర్ణయమవుతున్నాయి అంటున్నారు.

దీనికి పునీత అక్వినాసు తోమాసు 13వ శతాబ్దంలోనే జవాబు వ్రాశారు. ‘సుమ్మా’ గ్రంథంలో విధేయతను గూర్చి బోధిస్తూ, ఇంటి క్రమశిక్షణలో బిడ్డ తండ్రి మాట వినాలంటూనే, శరీర పోషణ, సంతానోత్పత్తి విషయాలలో మనిషి దేవునికే విధేయుడు, మరొక మనిషికి కాదన్నారు. పెళ్లి చేసుకోవడంలోగాని కన్యగా ఉండిపోవడంలోగాని బిడ్డలు తల్లిదండ్రులకు లోబడనక్కరలేదని తేల్చారు. నాలుగవ ఆజ్ఞను చూపి పిల్ల నోరు మూయించేవారు ఇది గమనించాలి. 1983 నాటి శ్రీసభ చట్టం (1057వ సూత్రం) ప్రకారం జ్ఞానవివాహాన్ని కలిగించేది వధూవరుల సమ్మతి. దాని స్థానంలో ఇంకెవరి మాటా చెల్లదు. బలవంతం వల్ల, తీవ్రమైన భయం వల్ల జరిగిన పెళ్లి చెల్లదని 1103వ సూత్రం. మేనరికం తప్పిపోతుందని తొందరపెట్టే మేనమామలకు ఈ రెండూ చదివి వినిపించాలి.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెళ్లయింది. 15–49 ఏండ్ల వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 70 మంది కు.ని. ఆపరేషను చేయించుకున్నవారే. మగవారి ఆపరేషను నూటికి ఒక్కటైనా లేదు! ఆరవ పౌలు పోపుగారు 1968లో ‘హ్యుమానే వీతే’ విశ్వలేఖలో ఈ ఆపరేషనును నిరాకరించి, సహజ పద్ధతిని సమ్మతించారు. ఆ పద్ధతికి భర్త సహకారం కావాలి, భార్యకు తన శరీరం తెలియాలి. పదిహేడేళ్లకే కాపురానికి పంపిన పిల్లకు నెలసరి లెక్క ఎవరు నేర్పారు?

తల్లిదండ్రుల భయం తెలియనిది కాదు. ఇద్దరూ నాట్లకో, రొయ్యల చెరువుల పనికో పోతే ఎదిగిన పిల్ల ఇంట్లో ఒంటరి. అందుకు హాస్టలు చూడవచ్చు, విచారణ గురువును అడగవచ్చు. పెళ్లి మాత్రం ఆగాలి. 2006 నాటి చట్టం ఆడపిల్లకు 18, మగపిల్లవానికి 21 అంటుంది. ఆ ప్రాంతపు వయసు రాకముందే పెళ్లికి దిగేవారిని వారించమని శ్రీసభ 1072వ సూత్రంలో గురువులనే ఆదేశించింది.

చాటింపులకు ముందు గురువు వధువుతో విడిగా మాట్లాడతారు. ఆ పది నిమిషాలు దయచేసి తలుపు దగ్గర నిలబడకండి.