వార్షికోత్సవానికి వెల్వెట్ డ్రెస్సు: కత్తెర పెట్టేముందు



వార్షికోత్సవం దగ్గర పడుతోంది. అద్దె డ్రెస్సు పిల్లలకు సరిపోక, ఇంట్లోనే కుడదామనుకునేవారి కోసం ఈ నాలుగు మాటలు.

మూడేళ్ల క్రితం మా పాపకు నెమలి డ్రెస్సు సాగే వెల్వెట్‌తో నేనే కుట్టాను. మామూలు సూది, మామూలు సూటి కుట్టు. స్టేజీ మీద అరమండిలో కూర్చోగానే నడుము పక్కన కుట్టు పటపటా తెగింది. గుడ్డ సాగింది, దారం సాగలేదు. పాప ఒక చేత్తో నడుము పట్టుకునే డాన్సు పూర్తి చేసింది. తప్పు నాది, అవస్థ దానిది.

మన చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాళ్లకు సుల్తాన్ బజార్ దగ్గరే. షాపులో నాలుగు అంగుళాల గుడ్డను అడ్డంగా లాగి చూడండి. ఐదు అంగుళాల దాకా వచ్చి, వదలగానే మళ్లీ నాలుగుకు రావాలి. రాకపోతే మోకాళ్ల దగ్గర సంచిలా వేలాడుతుంది. ఎక్కువ సాగే వైపు ఒంటి చుట్టూ రావాలి.

అసలు చిక్కు నూగుతో. చేత్తో నిమిరితే ఒకవైపు నున్నగా, రెండోవైపు గరుకుగా తగులుతుంది. ముందు భాగం ఒక దిక్కుకు, వెనక భాగం ఇంకో దిక్కుకు కత్తిరిస్తే ఒకే తాను గుడ్డ రెండు రంగుల్లా కనిపిస్తుంది. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద తెలియకపోవచ్చు. త్యాగరాయ గానసభ లాంటి వేదిక మీద, లైట్ల కింద దాగదు. అందుకని గుడ్డ వెనకవైపు చాక్‌పీసుతో బాణం గుర్తులు గీసుకుని, అన్ని ముక్కలూ ఒకే దిక్కుకు కత్తిరించండి. ఇందుకు గుడ్డ కాస్త ఎక్కువే పడుతుంది, ముందే కొనండి. మడత పెట్టి కత్తిరించొద్దు, జారుతుంది.

బాల్ పాయింట్ సూది, పాలిస్టర్ దారం, సన్నని జిగ్‌జాగ్ కుట్టు వాడండి. ఇంట్లో ఉన్నది పాత నల్ల మిషనే అయితే కుట్టు చిన్నది చేసి, గుడ్డను ముందూ వెనకా కొద్దిగా లాగి పట్టుకుని కుట్టండి. రెండు పొరలూ ఒకదాని మీద ఒకటి పాకిపోతాయి కాబట్టి ముందు చేత్తో కచ్చా కుట్టు వేయడం మంచిది. విసుగే, కానీ విప్పి మళ్లీ కుట్టడం కన్నా నయం. ముందుగా తుండుగుడ్డ ముక్క మీద కుట్టి, లాగి చూడండి.

ఇస్త్రీ పెట్టె నూగు మీద పెట్టొద్దు, అణిగిన చోట మెరుపు మరక మిగిలిపోతుంది. టవల్ మీద బోర్లా పరిచి, వెనకనుంచి ఆవిరి మాత్రం పట్టించండి.

దీపాలు పట్టుకునే నాట్యమైతే ఈ గుడ్డ అసలు వద్దు. ఇందులో ఎక్కువ భాగం పాలిస్టరే. నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. గాలి కూడా ఆడదు, కాబట్టి లోపల పల్చటి కాటన్ బనియన్ వేయండి, తమ వంతు వచ్చేదాకా పైడ్రెస్సు వేయకండి.

కుట్టడం అయ్యాక పాపకో బాబుకో వేసి, చేతులు పైకెత్తించండి, బాసింపట్టు వేయించండి, డాన్సు మొత్తం ఒకసారి చేయించండి. తెగేదేదో ఇంట్లోనే తెగుతుంది.